శానా అంటే ఎంత?

రాత్రి వాన పడిన మర్నాడు అనంతపురం పల్లెల్లో ఎవరినైనా ఆపి "శానా పడిందా?" అని అడిగి చూడండి. అవుననీ అనరు, కాదనీ అనరు. "ఇత్తనం పదునైందిలేప్పా" అంటారు. లేదంటే "యాడ శానా? దుమ్ము అణిగిందంతే" అంటారు. మనం అడిగింది ఎంత పడిందని. వాళ్లు చెప్పేది అది దేనికి సరిపోతుందని.

అదే వానకు వాతావరణ శాఖ ఇంగ్లీషులో ఒక పేరు పెడుతుంది. కచేరీ నివేదికలో ఇంకో మాట ఎక్కుతుంది. ఇంగ్లీషు పత్రిక విలేఖరి మూడో మాట రాస్తాడు. పదో తరగతి పిల్లవాడు పరీక్షలో నాలుగో మాట రాసి మార్కు పోగొట్టుకుంటాడు. మెనీ, మచ్, ఎ లాట్ ఆఫ్, ప్లెంటీ, న్యూమరస్, సెవరల్, హెవీ, ఎక్సెస్, సర్‌ప్లస్. నిఘంటువు తెరిస్తే ఇవన్నీ 'చాలా, ఎక్కువ, అధికం' అనే మూడు మాటల దగ్గరికే వచ్చి ఆగుతాయి. 1820లో కడపలో కొలువుకు వచ్చి తెలుగు నేర్చుకున్న బ్రౌను కాలం నుంచీ మన నిఘంటువులు సమానార్థాలు చెప్పడంలో ఘనమైన పనే చేశాయి. ఏ మాట ఎక్కడ అతుకుతుందో చెప్పడం వేరే పని. ఆ పని వ్యాకరణం ఒక రకంగా చేసింది, శైలి పాఠాలు మరో రకంగా చేశాయి. వాతావరణ శాస్త్రం అంకెలతో చేసింది. నీటి ట్రిబ్యునళ్లు చట్టంతో చేశాయి. ఎవరి పని ఎంతవరకు అక్కరకొస్తుందో ఈ కరువు నేల మీద నిలబడి చూద్దాం.

చూడటానికి ఇంతకన్నా తగిన చోటు దొరకదు. ఊరి పేరులోనే 'అనంతం' ఉంది. విజయనగర బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు కట్టించిన అనంతసాగరం అనే చెరువు వల్లే ఈ పేరొచ్చిందంటారు. అంతులేని సాగరం పేరు పెట్టుకున్న ఈ జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున సుమారు 550 మి.మీ.

ముందు బడి వ్యాకరణం సంగతి. లెక్కపెట్టగలిగిన వాటికి మెనీ, లెక్కపెట్టలేని వాటికి మచ్. సూత్రం ఇంతే, పిల్లలకు నోటికి వస్తుంది కూడా. అయినా 'మెనీ వాటర్' అనీ 'మచ్ పీపుల్' అనీ రాస్తూనే ఉంటారు. ఎందుకని అడిగితే "మన భాషలో ఆ తేడా లేదు కదా" అనే సమాధానం ఎక్కువగా వినిపిస్తుంది. ఆ సమాధానం తప్పు. 'ఎంత', 'ఎన్ని' అనే రెండు మాటలు మనకు పుట్టుకతో ఉన్నాయి. ఇంత-ఇన్ని, అంత-అన్ని, కొంత-కొన్ని కూడా ఆ వరసలోవే. నాలుగేళ్ల పిల్ల కూడా 'ఎంత మామిడిపళ్లు' అనదు, 'ఎన్ని బెల్లం' అనదు. తేడా మనకూ ఉంది, సరిహద్దు గీత మాత్రం వేరే చోట ఉంది.

ఎక్కడుందో చూడండి. తెలుగులో నీళ్లు బహువచనం. పాలు కూడా అంతే. "ఎన్ని నీళ్లు పోశావు?", "ఎన్ని పాలు తెచ్చావు?" అంటాం. వడ్లు, కందులు, పెసలు, జొన్నలు అన్నీ ఆ బాపతే. గింజ గింజనూ లెక్కపెట్టేవాళ్లలా మాట్లాడతాం. ఇంగ్లీషులో నీరు, పాలు, వరి మూడూ లెక్కకు రాని ముద్దలు. 'మెనీ వాటర్' అని రాసిన పిల్లవాడు తెలుగు వ్యాకరణం ప్రకారం నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఆలోచించాడు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం తిరగబడుతుంది. 'ఎన్ని మంది' అనం, 'ఎంతమంది' అంటాం. 'మంది' అనేది మనకు ఒక గుంపు, ఒక ముద్ద. అందుకే ఆ పిల్లవాడి కలం నుంచి 'మచ్ పీపుల్' వచ్చింది. ఈ రెండు తప్పులకూ మూలం ఇంగ్లీషు రాకపోవడమేనని అనుకుంటాం. అసలు మూలం తెలుగు బాగా రావడం. పంతుళ్లు పట్టికలు బట్టీ పట్టించే బదులు ఈ రెండు ఉదాహరణలూ బోర్డు మీద రాస్తే సగం పని అయిపోతుంది. ఎంత, ఎన్ని ఉన్న మనం 'చాలా', 'ఎక్కువ' దగ్గర ఆ తేడాను వదిలేశామన్నది నిజమే. చాలా వాన, చాలా వానలు రెండూ చెల్లుతాయి. తడబాటు అక్కడ మొదలవుతుంది.

ఈ ఎంత-ఎన్ని గొడవ పరీక్ష పేపరు దగ్గర ఆగిపోయేది కాదు. 'వాన ఎంత పడింది?', 'ఎన్ని వానలు పడ్డాయి?' అనే రెండు ప్రశ్నలూ అనంతపురం రైతుకు వేరువేరు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉమ్మడి జిల్లా సాధారణ వర్షపాతం సుమారు 338 మి.మీ. అది నాలుగు పెద్ద వానలుగా కురిసి మిగతా కాలమంతా మొగులు మొహం చాటేస్తే కాగితం మీద లెక్క సరిపోతుంది, సెనక్కాయ చెట్టు మాత్రం ఊడలు దిగే వేళకు వాడిపోతుంది. ఎర్రనేల నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. ఇంగ్లీషులో మొదటిది మచ్ రెయిన్, రెండోది మెనీ రెయిన్స్. జిల్లా కరువు చరిత్రలో సగం ఈ రెండు మాటల నడుమే ఉంది. వాతావరణ శాఖకూ ఈ సంగతి తెలుసు కాబట్టే మొత్తం వానతోపాటు 'వర్షపు రోజుల' లెక్క వేరుగా రాస్తుంది. 24 గంటల్లో 2.5 మి.మీ. లేదా అంతకు మించి పడితేనే అది వర్షపు రోజు. కేంద్రం 2016లో తెచ్చిన కరువు మాన్యువల్ కూడా మొత్తం వానతోపాటు వానకూ వానకూ మధ్య వచ్చే ఎండు విరామాన్ని లెక్కలోకి తీసుకుంది. మూడు నాలుగు వారాలు వరుసగా వాన మొహం చాటేస్తే దానికీ ఒక పేరుంది. ఊళ్లో దాన్ని 'బెట్ట' అంటారు.

లెక్కకు వచ్చేదేదో రానిదేదో తేల్చడం అన్నిసార్లూ సులువు కాదనడానికి కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానే సాక్షి. వెయ్యికి పైగా ఊడలతో అయిదెకరాలు పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. కింద నిలబడ్డవాడికి అది అడవి. వృక్షశాస్త్రానికి ఒక్క చెట్టు.

వ్యాకరణం వదిలి శైలి దగ్గరికి వస్తే సలహాలకు కొదవ లేదు. మాటల్లో 'ఎ లాట్ ఆఫ్', రాతలో 'న్యూమరస్'. ప్రశ్నలోనూ వ్యతిరేకార్థంలోనూ 'మచ్' సహజం, మామూలు వాక్యంలో పెడితే కాస్త బిగుసుకుపోతుంది. ఇవన్నీ నిజమే, పనికొచ్చేవే. తెలుగులోనూ శానా, చాలా, అనేక, అసంఖ్యాక అనే మెట్లున్నాయి, ఏ మెట్టు మీద ఎవరు నిలబడతారో మనకు తెలుసు. హిందూపురం, మడకశిర వైపు కన్నడం పక్కన ఉండటం వల్ల 'జాస్తి' కూడా ఆ మెట్ల మీదే ఉంటుంది. అయితే శైలి పాఠం చెప్పేది మాట తొడుక్కున్న బట్టల గురించే. లోపల ఏ కొలత ఉందో అది చెప్పదు.

ఆ కొలతలు పైకి కనిపించే చోటు ఒకటుంది. ఇంగ్లీషువాడి 'లాట్' అంటే మొదట చీటీ వేసి పంచుకున్న వాటా. మార్కెట్ యార్డులో వేలం వేసే లాటు ఇప్పటికీ అదే. 'హీప్స్' అంటే కుప్పలు, 'లోడ్స్' అంటే బండెళ్లు. మనకూ అచ్చంగా ఇదే పద్ధతి, ఇంకా చక్కగా ఉంది. ఏ పాత్రకైనా చివర '-ఎడు' తగిలిస్తే అది కొలత అయిపోతుంది. చారెడు, దోసెడు, గుప్పెడు, చేటెడు, గంపెడు, బండెడు. బోలె అనే పాత్ర నుంచి వచ్చిన బోలెడు ఆ పాత్రను మరిచిపోయి ఇప్పుడు ఊరికే 'చాలా' అయింది. ఇంగ్లీషు 'లాట్'కు పట్టిన గతే దానికీ పట్టింది. కుండపోత ఇంకా కుండను మరవలేదు. 'సెవరల్'కు మొదటి అర్థం వేరువేరు అని. అందుకే అందులో ఇప్పటికీ రెండు మూడుకు మించి, మరీ ఎక్కువ కాకుండా అనే వాసన ఉంది. మన పత్రికల 'పలువురు' అయిదుగురికీ అయిదు వందల మందికీ చెల్లుతుంది. దాన్ని 'సెవరల్'గా మార్చేవాళ్లు ముందు తలలు లెక్కపెట్టుకోవడం మంచిది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'చాలా' అనే మాట పుట్టుక. అది 'చాలు' నుంచి వచ్చింది. చాలేటంత అని దాని మొదటి అర్థం. అవసరం తీరడమే మనవాళ్లకు సమృద్ధి అన్నమాట. ఇంగ్లీషులో 'ఎనఫ్' వేరు, 'ప్లెంటీ' వేరు. ప్లెంటీ అంటే నిండుదనం, చాలినదానికి పైన ఇంకా మిగలడం. చెరువు మరవ పారితే ప్లెంటీ, పదునైతే ఎనఫ్. తెలుగువాడు 'చాలా ఉంది' అన్నప్పుడు ఈ రెంటిలో ఏది అన్నాడో అనువాదకుడు ప్రతిసారీ అడిగి తెలుసుకోవాల్సిందే.

ఈ 'ఎనఫ్' అనే చిన్న మాట మీద ఒకసారి లక్షల ప్రాణాలు వేలాడాయి. 1876-78 నాటి ధాత కరువులో బళ్లారి జిల్లా ఘోరంగా దెబ్బతింది. 1882లో విడివడేదాకా అనంతపురం అందులోనిదే. సహాయ పనుల్లో రాళ్లు కొట్టే కూలీకి రోజుకు ఎంత తిండి చాలుతుందన్న దాని మీద పెద్ద వాదమే నడిచింది. వైస్రాయి ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఎముకలగూళ్ల లాంటి మనుషులను చూసి, కష్టం చేసే శరీరానికి అది చాలదన్నాడు. ఇద్దరూ ఇంగ్లీషువాళ్లే, ఇద్దరూ వాడిన మాట ఒక్కటే. ఖజానా దృష్టిలో చాలినది ఒంటికి చాలలేదు. పరిమాణం చెప్పే మాట వినిపించగానే 'ఎవరికి? దేనికి?' అని అడగాలని చెప్పడానికి ఇంతకన్నా కఠినమైన పాఠం నాకు తెలియదు.

శాస్త్రజ్ఞులు ఈ గందరగోళాన్ని తప్పించడానికి మాటలకు అంకెలు కట్టేశారు. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. వరకు పడితే 'హెవీ'. 115.6 నుంచి 204.4 వరకు 'వెరీ హెవీ'. 204.5 లేదా అంతకు మించితే 'ఎక్స్‌ట్రీమ్లీ హెవీ'. ఉదయం 8.30కు కొలిచే లెక్క అది. 64 మి.మీ. పడినా ఆ పద్దులో అది 'మోడరేట్' మాత్రమే. ఒక మి.మీ. వాన ఎకరా మీద పడితే సుమారు నాలుగు వేల లీటర్లు. 64 మి.మీ. అంటే ఎకరాకు రెండున్నర లక్షల లీటర్ల పైమాటే. కళ్యాణదుర్గం రైతు దాన్ని 'మోస్తరు' అంటే నవ్వుతాడు. మన పత్రికలు ఇంకో వైపు నవ్విస్తాయి. ముప్పై మి.మీ. పడినా 'భారీ వర్షం' అని శీర్షిక పెడతాయి. భారీ అనేది హిందీ నుంచి వచ్చిన బరువు మాట, హెవీకి అచ్చమైన జోడు. జోడు దొరికింది గానీ దానితోపాటు అంకె రాలేదు.

ఎంత మేర కురుస్తుందో చెప్పే మాటలు ఇంకా చిత్రం. సూచనలో 'ఎ ఫ్యూ ప్లేసెస్' అని ఉంటే వాన కొలిచే కేంద్రాల్లో 26 నుంచి 50 శాతం అని అర్థం. 'మెనీ ప్లేసెస్' అంటే 51 నుంచి 75 శాతం. 'మోస్ట్ ప్లేసెస్' అంటే 76 శాతం, ఆపైన. 25 శాతం లోపు అయితే 'ఒకటి రెండు చోట్ల'. మామూలు ఇంగ్లీషులో మెనీ అంటే సగానికి మించాలన్న నియమమేమీ లేదు, ఇక్కడ ఉంది. మామూలు ఇంగ్లీషులో ఎ ఫ్యూ అంటే నాలుగైదు, ఇక్కడ సగం జిల్లా దాకా పోవచ్చు. వీటిని తెలుగులోకి తెచ్చేటప్పుడు 'కొన్ని చోట్ల', 'చాలా చోట్ల', 'అనేక చోట్ల' అనే మాటలు అదలాబదలుగా కనిపిస్తుంటాయి. అనేకం అంటే వ్యుత్పత్తి ప్రకారం 'ఒకటి కానిది' అంతే, రెండున్నా చెల్లుతుంది. మోస్ట్‌కు మనకు ఒంటి మాట లేదు. 'దాదాపు అన్ని చోట్లా' అని రాస్తే నాలుగు అక్షరాలు ఎక్కువైనా మాట నిలబడుతుంది. రైతు విత్తనాలు దుకాణంలోనే ఉంచాలా, ఇంటికి తెచ్చుకోవాలా అని తేల్చుకునేది ఈ మాటల మీదే కాబట్టి ఇక్కడ పట్టుదల తప్పు కాదు.

ఇక 'ఎక్సెస్'. సాధారణం కన్నా 20 నుంచి 59 శాతం ఎక్కువ పడితే ఎక్సెస్, 60 శాతం లేదా అంతకు మించితే లార్జ్ ఎక్సెస్. కిందికి దిగితే 20 నుంచి 59 శాతం తక్కువ డెఫిషియెంట్. ఇందులో సాధారణం అనేది ఆ చోటి సగటు. అనంతపురంలో ఏడాదికి 660 మి.మీ. పడితే కాగితం మీద ఎక్సెస్. అదే 660 వెయ్యి మి.మీ. అలవాటున్న కోస్తా జిల్లాలో పడితే డెఫిషియెంట్. ఒకే నీళ్లు, ఒకే శాఖ, పేర్లు మాత్రం ఎదురెదురు. దీన్ని 'అధిక వర్షపాతం' అని రాసి ఊరుకుంటే విజయవాడలో పత్రిక చదివేవాడు అనంతపురం మునిగిపోయిందనుకుంటాడు. 'సాధారణం కన్నా ఎక్కువ' అని రాస్తే ఆ ప్రమాదం ఉండదు.

ఎక్సెస్‌లో నష్టం ఉండి తీరాలని లేదు. నష్టం ఉన్న మాట 'టూ మచ్'. 'వెరీ మచ్'కూ దానికీ తేడా మన పిల్లలు పరీక్షలో తప్పుతారు, 'టూ హ్యాపీ' అని రాస్తారు. నోటి మాటలో మాత్రం వాళ్లే "నువ్వు టూ మచ్ చేస్తున్నావ్" అని అచ్చు గుద్దినట్టు వాడతారు! 'మరీ' అనే మన మాట ఆ పని చేస్తుందని ఎవరైనా చెబితే చాలు. పూర్వులు లెక్కపెట్టిన ఆరు ఈతిబాధల్లో అనావృష్టి పక్కనే అతివృష్టిని పెట్టారు. 2021 నవంబరులో పెన్నా, చిత్రావతి పొంగినప్పుడు కరువు జిల్లా ఆ రెండో బాధనూ చూసింది. ఏళ్ల తరబడి వాన కోసం చూసినవాళ్లే చేలో నిలిచిన నీళ్లను చూసి "మరీ ఇంతా?" అన్నారు.

చివరిది సర్‌ప్లస్. తెలుగులో 'మిగులు'. ఇది చిట్టాపద్దుల మాట. ఒకరికి చెందవలసింది చెందాక మిగిలినదే సర్‌ప్లస్. బచావత్ ట్రిబ్యునల్ 1973 తీర్పులో కృష్ణా నదిలో 75 శాతం నమ్మకంతో దొరికే నీరు 2,060 టీఎంసీలని తేల్చి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. అంతకు మించి వచ్చిన నీటిని ఆంధ్రప్రదేశ్ వాడుకోవచ్చు గానీ దాని మీద హక్కు పుట్టదంది. శ్రీశైలం నుంచి 40 టీఎంసీలు ఎత్తిపోసి ఈ మెట్టలో చల్లాలన్న హంద్రీ-నీవా పథకం ఆ మిగులు జలాల ఆశ మీద పుట్టిందే. వాటిని ఎక్సెస్ వాటర్ అంటే సగటు కన్నా ఎక్కువ అని. ఫ్లడ్ వాటర్ అంటే పొంగి పారేవి అని. సర్‌ప్లస్ అంటే పంపకం అయ్యాక మిగిలినవి అని. మూడూ ఒకే నీళ్లు కావచ్చు, కోర్టులో మూడు వేరు వాదాలు. తెలుగులో 'మిగులు', 'వరద', 'అదనపు' అనే మాటలను సభల్లో ఒకదానికొకటి మార్చి వాడేవాళ్లను వింటే నాకు భయమేస్తుంది.

టీఎంసీ అనే మాట కూడా ఆలోచించదగ్గదే. థౌజండ్ మిలియన్ క్యూబిక్ ఫీట్. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. బిలియన్ అని సులువుగా అనకుండా ఇంత డొంకతిరుగుడు ఎందుకంటే, 1974 దాకా బ్రిటన్ ప్రభుత్వ లెక్కల్లో బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు, మన లెక్కలో లక్ష కోట్లు. అమెరికాలో అదే మాటకు వంద కోట్లు. 'వెయ్యి మిలియన్లు' అంటే ఎవరికీ అనుమానం రాదు. మనవాళ్లు మూడు అక్షరాలకు కుదించి తెలుగు చేసుకుని ఇంట్లో మాటలా వాడుతున్నారు. ఒక టీఎంసీ సుమారు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నిలుస్తుంది. నా మట్టుకు నాకు ఈ ఎకరా అడుగుల లెక్కే ఎక్కువ తెలుస్తుంది.

ఇన్ని దారులూ తిరిగాక నా తీర్పు ఇది. వ్యాకరణం చెప్పే మెనీ-మచ్ తేడా నేర్చుకోవాలి, ఎంత-ఎన్ని నుంచి నేర్చుకుంటే త్వరగా వస్తుంది. శైలి సలహాలు రెండో మెట్టు. ఏ మాట ఎంచుకున్నా దాని వెనక ఏ కొలత ఉందో ముందు తేల్చుకోవాలి. లెక్కా, కుప్పా, అవసరమా, సగటా, పంపకమా? ఈ అయిదింటిలో అవసరపు కొలతను మన పల్లెవాళ్లు అందరికన్నా బాగా పట్టుకున్నారని నేననుకుంటున్నాను. 'పదునైంది' అన్న మాటకు ఇంగ్లీషులో సాటి మాట ఇంతవరకు నాకు దొరకలేదు. దాని పక్కన అంకె లేకపోవడమే అందులో ఉన్న లోటు.

పత్రికల్లో వాన వార్తలు దిద్దే మిత్రులకు ఒక మనవి. వచ్చే జూన్‌లో 'భారీ' అని శీర్షిక పెట్టేముందు 64.5 అనే అంకె ఒకసారి చూసుకోండి. మి.మీ. ఎంతో రాయండి. ఆ పక్కనే ఏ నేలలో ఎంత పదునైందో ఊళ్లో ఒక రైతును అడిగి అది కూడా రాయండి.